మత్తడి కింద ఈస్ట్ ఫేసింగ్

పద్మారావునగర్‌లో మేం అద్దెకుంటున్న ఇల్లు బిల్డరు చేతికి పోతోందని తెలిసినప్పటి నుంచీ మా ఆదివారాలన్నీ సైట్లు చూడ్డానికే సరిపోయాయి. శంకర్‌పల్లి వైపు వెళ్ళాం, గజం ధర విని టీ తాగి వచ్చేశాం. ఘట్‌కేసర్ నాకు నచ్చింది. సాయంత్రం గాలి మూసీ మీదుగా మళ్ళేసరికి మా అత్తయ్యకు నచ్చలేదు.

మేడ్చల్‌కి రైల్లోనే వెళ్దామని పట్టుబట్టింది నేను. 2023 ఏప్రిల్ నుంచి ఎంఎంటీఎస్ అక్కడిదాకా వెళ్తోంది. సుఖమైన ప్రయాణమే గానీ రైళ్ళు మరీ తక్కువ, ఒకటి తప్పితే స్టేషన్లో కూర్చుని సంసారం కబుర్లన్నీ చెప్పేసుకోవచ్చు. సఫిల్‌గూడ, అమ్ముగూడ, కావల్రీ బ్యారక్స్, అల్వాల్, బొల్లారం. నిజాం కాలంలో మన్మాడ్ దాకా వేసిన మీటర్ గేజి దారి ఇది. బొల్లారంలో ఇప్పటి రాష్ట్రపతి నిలయం 1860లో బ్రిటిష్ రెసిడెంటు కోసం కట్టిన విడిది. కోఠీలో అంత పెద్ద రెసిడెన్సీ ఉండగా ఈ రాళ్ళగుట్టల్లోకి ఎందుకొచ్చాడంటే, చల్లగాలికే కాబోలు. నగరం విసుగెత్తి శివారుకు చేరినవాళ్ళలో ఆయనే మాకు పెద్దన్న. లేఅవుట్ రెగ్యులరైజేషన్ (ఎల్‌ఆర్‌ఎస్) బాధ లేని పెద్దన్న.

మేడ్చల్ స్టేషన్ బయట ఏజెంటు కారుతో సిద్ధంగా ఉన్నాడు. "ఓఆర్ఆర్ అయిదు నిమిషాలే మేడమ్." ఔటర్ రింగు రోడ్డు పొడవు 158 కిలోమీటర్లు. దానికి అయిదు నిమిషాల దూరంలో లేని వెంచరు నాకింతవరకూ తగల్లేదు. కొంత దూరం పోయాక ఆర్చి కట్టిన గేటు, రెండు వరసల తాటి చెట్లు, "చిల్డ్రన్స్ పార్క్" అని బోర్డు, బోర్డు వెనక మేకలు. 150 గజాలు, ఈస్ట్ ఫేసింగ్, స్పాట్ రిజిస్ట్రేషన్. మా ఆయన నేల కొలతల్లో పడిపోయాడు. నాకు పొగ వాసన తగిలి అటు నడిచాను.

సగం కట్టిన ఇంటి ముందు, మూడు రాళ్ళ పొయ్యి దగ్గర ఒక అవ్వ జొన్నరొట్టెలు చేస్తోంది. వాళ్ళ కొడుకు ఆ ఇంటికి వాచ్‌మన్‌ట. వేడినీళ్ళు పోసి పిసికిన పిండిముద్దని ఫ్లోరింగుకి కోయగా మిగిలిన గ్రానైటు ముక్క మీద పెట్టి కుడిచేత్తో తడుతోంది. ఒక్కో దెబ్బకి రొట్టె దానంతటదే కొంచెం కొంచెం తిరుగుతూ పెద్దదవుతోంది. అంచు ఎక్కడా చిట్లలేదు. రెండు చేతులా ఎత్తి పెంక మీద వేసి, తడిగుడ్డతో పైపిండి తుడిచింది. చుయ్యిమంది.

"ప్లాటు జూడనీకొచ్చిన్రా బిడ్డా?"

"అవునవ్వా. బాగుంటుందా ఇక్కడ?"

"చాపలు వెంచుకుంటరా?"

అర్థం కాక నిలబడ్డాను. పెంక మీద రొట్టె తిప్పి, పట్టకారుతో కాంపౌండు గోడ వైపు చూపించింది. గోడ మీద, నా నడుమెత్తున, మట్టి రంగు గీత ఒకటి ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉంది. "కరోనా ఏడాది దసరా ముంగట వడ్డ వాన యాదున్నదా? గా గీత దాంక నీళ్ళు. పైన కుంట ఉన్నది. మత్తడి దుంకితె నీళ్ళు యాడికి వోవాలె? ఎప్పుడు వోయే తొవ్వలనే వోతయ్."

2020 అక్టోబరు వాన నాకెందుకు యాదుండదు!

వద్దంటున్నా ఒక రొట్టె చేతిలో పెట్టింది, మీద పుంటికూర తొక్కు. అంత పలచటి రొట్టె నేను ఏ హోటల్లోనూ తినలేదు, "మిల్లెట్" అని మెనూలో రాసుకున్న చోట్ల అసలే తినలేదు. పిండికి నీళ్ళు మాత్రం క్యాన్‌లోంచి వంచుతోంది. బోరు ఉంది కదా అంటే పక్కనున్న గిన్నె బోర్లించి చూపించింది. అడుగంతా సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. "కట్టెలు ఒడుస్తయ్ గని ఈ నీళ్ళల్ల పప్పు ఉడకది."

రాత్రుళ్ళు భయం లేదా అని అడిగాను.

"ముప్పై ఇండ్లు గట్టిన్రు. దీపాలు మూడిండ్లల్ల. కొన్నోళ్ళు రారు, అమ్ముకునుడే. పాములకు భయపడ బిడ్డా, వాటి తొవ్వ అవి వోతయ్. మొన్న మోటరు వైరు కోసుకపోయిన్రు, గది మనుషుల పని."

సీసీ కెమెరాల గురించి ఏజెంటు అరగంట చెప్పాడు. ముప్పైకి మూడు దీపాల సంగతి అతని నోట రాలేదు. కుంట మాట ఎత్తితే నవ్వాడు. "హైడ్రా ఓఆర్ఆర్ లోపలికే మేడమ్, మన దాకా రాదు." చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా రాకపోవచ్చు, వానకి రింగు రోడ్డు హద్దేమీ లేదుగా. 25 ఎకరాల లోపు కుంటకైనా నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) గీత నుంచి 9 మీటర్లు బఫరు వదలాలి, అంతకంటే పెద్ద చెరువైతే 30. పాత పహాణీలో ఆ సర్వే నంబరుకి ఎదురుగా "శిఖం" అని, అంటే చెరువు భూమి అని, ఉందేమో చూస్తామన్నాం. కాగితాలు వాట్సాప్‌లో పెడతానన్నాడు. బ్రోషరే మళ్ళీ వచ్చింది.

మేడ్చల్ పాత ఊళ్ళోకి చేరేసరికి చీకటి పడింది. అందంగా ఉందని అనలేను. హైవే రొద, డ్రైనేజీ మీద మూతల్లేవు, కూరగాయల బండ్లు సగం రోడ్డు తినేశాయి. రాత్రి ఎలా ఉంటుందో చూడాలని తొమ్మిది దాటేదాకా తిరిగాం. సికింద్రాబాద్ నుంచి వచ్చిన 229 బస్సు ఆగితే పుస్తకాల సంచులతో ఆడపిల్లలు దిగి, వెనక్కి తిరిగి చూడకుండా కబుర్లాడుకుంటూ సందుల్లోకి నడిచిపోయారు. ఇస్త్రీ బండి దగ్గర లైటు, టైలరు మిషను చప్పుడు, అరుగుల మీద ముసలాళ్ళు. ఎవరింటికొచ్చారని మమ్మల్ని ఇద్దరు ఆపి అడిగారు. మా ఆయనకి చిరాకేసింది, నాకు ధైర్యమొచ్చింది. పైగా 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి ఈ బస్సులో ఛార్జీ లేదు. నా ఆఫీసు రాకపోకల ఖర్చు తీసేసి లెక్క వేసుకుంటే ఇంటద్దె ఇంకో వెయ్యి పెరిగినా నష్టం లేదు. ముందు ఇక్కడ అద్దెకుందాం, కొనడం సంగతి ఒక వానాకాలం చూశాకే.

తరవాతి ఆదివారం ఆ సందుల్లోనే ఒక చోట టూలెట్ బోర్డు చూసి లోపలికెళ్ళాం. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో జామచెట్టు. మా అత్తయ్య సంచిలోంచి పిడికెడు కందిపప్పు తీసి, "మీ కొళాయి నీళ్ళతో ఇది ఉడకబెట్టి చూడనిస్తావా అమ్మా?" అంది. ఇంటావిడ మా ముగ్గురినీ ఎగాదిగా చూసి కుక్కరు తెచ్చిచ్చింది. మూడు కూతలకి మెత్తబడింది. రెండు నెలల అడ్వాన్సు ఇచ్చాం. ఆ పప్పు వాళ్ళింట్లోనే వదిలేసి వస్తుంటే ఇంటావిడ వెనకనుంచి కేకేసింది, ఉప్పు వేశారా లేదా అని.