అంచు (మగ్గం ముచ్చట్లు – 6)



తెలుగు క్లాసుల్లో 'పడుగూ పేకా' అనే మాట తెగ వాడతాం. సభల్లో 'అంచులకు నెట్టబడ్డ జనం' అంటాం. మగ్గం మీద అంచు ఎట్లా నిలబడుతుందో మాత్రం అడగం. 'అంచు డాబే కానీ పంచె డాబు లేదు' అని సామెత కూడా అంచునే వెక్కిరిస్తుంది. అది నేసినవాళ్ళు పుట్టించిన సామెత అయ్యుండదని నా అనుమానం.

మాది నేతకాని ఇల్లు. చేనేత అనగానే పద్మశాలి, దేవాంగ పేర్లు గుర్తొస్తాయి. షెడ్యూల్డ్ కులాల జాబితాలో 'మాల సాలె, నేతకాని' అని ఒక వరుస ఉందని మన పిల్లల్లోనే చాలామందికి తెలియదు. ముతక బట్ట నేసిన వాడల గుంట మగ్గాలు ఏ పాఠంలోనూ లేవు.

మా తాత పని నేర్పేటప్పుడు ఒకటే మాట: "పేక గుంజకు బిడ్డా, అంచు లోపలికి పోతది."

నాడె అటు పోయి ఇటు వచ్చేటప్పుడు పేక పోగు అంచు దగ్గర మలుపు తిరుగుతుంది. అక్కడ గట్టిగా లాగితే బట్ట వెడల్పు తగ్గుతుంది. అంచు పోగులు ఏటవాలుగా పడి, అచ్చు పళ్ళకు రాసుకుని తెగుతాయి. వదిలేస్తే చెవుల్లా ఉచ్చులు లేస్తాయి. అందుకే పేకను కాస్త ఏటవాలుగా పరిచి కొట్టాలి. పడుగు పోగుల కిందా మీదా ఒదగడానికి దానికి ఆ కాస్త పొడవు కావాలి. ఎక్కువ ఒరిపిడి అంచుకే కాబట్టి అక్కడ పోగుల్ని జంటగా వేస్తారు. బట్ట కుంచించుకుపోకుండా రెండు కొసల్లో ముళ్ళున్న కర్రను అడ్డంగా బిగించి, రెండు మూడు అంగుళాలు నేయగానే ముందుకు జరుపుతారు. చేనేత చీర అంచు వెంబడి కనిపించే సన్నటి రంధ్రాలు ఆ ముళ్ళవే.

ఇంకో సంగతి. కండె సమంగా చుట్టకపోతే నాడెలో పోగు చిక్కుకుని ఒక్కసారి గుంజుతుంది, అంచు అక్కడే వంకర పోతుంది. తాత అంచు తిన్నగా వచ్చిందంటే మా అవ్వ చుట్టిన కండెలు సమంగా ఉన్నట్టు. ఆ చుట్టుడుకు విడిగా కూలి లేదు. అంచు వంకరుంటే మాత్రం బట్ట కొనే షావుకారు తాత కూలిలో కోసేవాడు. అదే బట్టను నిండు ధరకు అమ్ముకునేవాడు.

నష్టం వస్తే తాత ఖాతాలో, మంచి పేరు వస్తే ఊరి నేత ఖాతాలో. అవ్వకు ఏ ఖాతా లేదు.

పరిశోధనలో ఉన్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ సెలవుల్లో ఇంటికి పోతే పెద్దవాళ్ళను రెండు అడగండి: మగ్గం మీద కూర్చున్నది ఎవరు? కండెలు చుట్టింది ఎవరు? రెండో పేరు కూడా రాసుకుని రండి. థీసిస్‌లో ఆ పేరు ఫుట్‌నోటులో కాకుండా పేజీ మధ్యలో ఉండాలి.

జై భీమ్.