ఆయన గోడెనక్కి ఎందుకు పోతడు?



నల్లమలలో మా పెంటలకు రేడియేషన్ అన్న మాట యురేనియంతోనే వచ్చింది. 2019లో తవ్వకాలొద్దని అందరూ కదిలారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. ఆ పోరాటం న్యాయమైనది. ఇప్పటికీ మేము అదే మాట మీద ఉన్నాం. అయితే ఆ భయం ఇప్పుడు ఆస్పత్రిలో కూడా మన వెంటే వస్తున్నది.

మా పెంటలో ఒక అవ్వకు దగ్గు రెండు నెలలైనా తగ్గలేదు. ఎక్స్‌రే అంటే ససేమిరా అంది. "ఫోటో తీసేటాయన గోడెనక్కి పోతడు. నన్నేమో మిషన్ ముందల నిలబెడ్తడు. మంచిదే అయితే ఆయన ఎందుకు దాసుకోవాలె?" అని అడిగింది.

సరైన ప్రశ్నే. కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మనం, జవాబు మనమే చెప్పాలి. అవ్వకు ఒక్క ఫోటో. ఆయనకు రోజూ ఎన్నో, అదీ ఏళ్ల తరబడి. మట్టి, రాయి, ఆకాశం, తిండి నుంచి ప్రతి మనిషికీ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ ఎట్లాగూ అందుతుంది. ఒక ఛాతీ ఎక్స్‌రేతో వచ్చేది 0.1 లేదా అంతకన్నా తక్కువ. మిషన్ ఆపితే అదీ ఆగిపోతుంది, ఒంట్లో ఏమీ మిగలదు. గర్భంతో ఉన్న అక్కలు మాత్రం ముందే చెప్పాలి.

పొయ్యి సెగతో పోల్చి చెప్పాం. తక్కువసేపు ఉండాలి, దూరం జరగాలి, మధ్యలో అడ్డం పెట్టుకోవాలి. అవ్వకు అర్థమైంది. ఎక్స్‌రేలో మచ్చ కనబడింది, తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు మింగి, ఇప్పుడు మళ్లీ అడవికి పోయి గడ్డలు తవ్వుకొస్తున్నది.

గని లెక్క వేరే. దానికి స్విచ్ లేదు. రాయిని పిండి చేసి యురేనియం తీసుకపోయినా రేడియం ఆ వ్యర్థంలోనే మిగులుతుంది. అది సగానికి తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. అవ్వ ఎక్స్‌రేకు ఒప్పుకుందంటే గనికి ఒప్పుకున్నట్టు కాదు.

మేలూ కీడూ ఒకే వస్తువులో ఉంటాయి. కోబాల్ట్-60 కిరణాలతో క్యాన్సర్‌కు వైద్యం చేస్తారు. అదే కోబాల్ట్ 2010లో ఢిల్లీ మాయాపురిలో తుక్కు ఇనుములో కలిసి వచ్చింది. తెలియక విప్పిన పనివాళ్లు జబ్బుపడ్డారు, ఒకరు చనిపోయారు. మన పిల్లలూ పట్నం పోయి తుక్కు దుకాణాల్లో పని చేస్తున్నారు. పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు కనబడితే ముట్టొద్దు, విప్పొద్దు. దూరం జరిగి పోలీసులకు చెప్పాలి.

ఈ మాటలు మీ గూడేల్లో, తండాల్లో, మీ ఇంటి భాషలో చెప్పండి. ఎంతసేపు, ఎంత దూరం, మధ్యలో ఏం అడ్డం, ఆపితే ఆగుతుందా? ఆస్పత్రిలోనైనా, గని తెస్తామని వచ్చే అధికారినైనా మనం అడగాల్సినవి ఈ నాలుగే.