స్లౌ పట్టణమున తర్కపాఠము

మేము మారిషస్ విడిచి ఇంగ్లండునకు బయలుదేరిన దినమున మన ఆలయ మంటపమునందు ఒక పెద్దలు, "ఏమి చదువబోవుచున్నావు నాయనా?" అని యడిగిరి. తర్కశాస్త్రమని చెప్పితిమి. "ఇంటిలో తర్కము చాలలేదా?" అని వారు నవ్విరి. ఆ నవ్వు చాలకాలము మా చెవులలో నుండెను.

మా పరిశోధన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమునందలి అనుమాన ప్రకరణమును గూర్చినది. 17వ శతాబ్దమునకు చెందిన ఈ పండితుడు మన తెలుగువాడే. క్రొత్తగా చదువువారి కొఱకు వ్రాసిన చిన్న గ్రంథమది. కొండమీద పొగ కనబడినచో అచట నిప్పు గలదని యెట్లు తెలియును? వంటయింటిలో ఆ రెండును కలిసియుండుట మునుపే చూచియుంటిమి గనుక. చెఱకు తోటల నడుమ పెరిగినవారికి ఇది వేఱుగ బోధింప నక్కఱలేదు. మిల్లు గొట్టమునుండి పొగ లేచినచో కోతలు మొదలైనవని మన పసిపిల్లలకును తెలియును.

విశ్వవిద్యాలయమునందును మేము బోధించుచున్నాము. అచట విద్యార్థులు చెప్పినది వ్రాసికొని పోవుదురు. అంతకుమించి విశేషము లేదు. మాకు పాఠము దొరికినది మేము నివసించు స్లౌలో, ఆలయమునకు వచ్చు పిల్లల ఆదివారపు తరగతిలో. వంటయింటి దృష్టాంతము చెప్పగా ఒక బాలిక లేచి, "మా వంటింట్లో నిప్పుంది గానీ పొగ లేదండీ" అనెను. "మాకు నిప్పు కూడా లేదు, కరెంటు పొయ్యి!" అని వేఱొకడు. పిల్లలందఱును నవ్విరి. మాకు మాట తోచలేదు.

ఆ రాత్రి ఆలోచింపగా బాలిక పలికినది శాస్త్రమే యని తెలిసెను. పొగ యున్నచోట నిప్పుండును గాని, నిప్పున్న చోటనెల్ల పొగ యుండదు. ఎఱ్ఱగ కాలిన ఇనుపగుండునందు పొగ యేది? పొగ పుట్టుటకు తడికట్టె కావలెను. ఆ తడికట్టెనే నైయాయికులు ఉపాధి యందురు. మేము ఏండ్ల తరబడి చదివినదానిని ఆమె పొయ్యి చూచి చెప్పినది!

మఱుసటి ఆదివారము ఊరిలోనిదే ఒక దృష్టాంతము చెప్పితిమి. ఖగోళజ్ఞుడగు విలియం హెర్షెల్ 1786 మొదలు 1822లో మరణించువఱకు స్లౌలోనే నివసించెను. 1800లో ఆయన సూర్యకాంతిని గాజుపట్టకముచే రంగులుగ విడదీసి, ఒక్కొక్క రంగున ఉష్ణమాపకము నుంచి చూచెను. ఎఱుపునకు ఆవల, వెలుగు కనబడని చోట, వేడిమి మఱింత హెచ్చెను. కంటికానని కిరణములు గలవని ఆయన నిశ్చయించెను. (ఆ మహనీయుని గృహమును తరువాత పడగొట్టిరి.)

"అయితే ఆ వేడి పొగలాంటిది, కిరణాలు నిప్పులాంటివి, అంతేనా అండీ?" అని ఆ బాలికయే అడిగెను. ఔనంటిమి.

ఇప్పుడు పిల్లలు మన మిల్లు గొట్టమును చూడగోరుచున్నారు. కోతకాలమున పొగ వెడలు గొట్టపు ఛాయాచిత్రమొకటియు, మిల్లు మూతపడి ఊరక నిలిచిన రాతిగొట్టముది మఱియొకటియు ఎవరైన పంపినచో మిక్కిలి కృతజ్ఞులము. రెండవదానిని చూపి వారిని ఏమి అడుగవలెనో ఇంకను నిశ్చయింపలేదు.