లోయలోని నీడ



మా యూరు కడప జిల్లాలోని జమ్మలమడుగు. పెన్నాతీరమున నున్న ఈ పట్టణమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున గండికోట కలదు. ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్న పాఱెడి ఆ గండియే కోటకు పేరు తెచ్చినది. ఇన్నేండ్లును ఆ కోట నాకు చుట్టములు వచ్చినప్పుడు చిత్రాన్నపు డబ్బాతో పోయి చూపించి వచ్చెడి స్థలము మాత్రమే. ఏబది రెండవ యేట దాని యెదుట కొత్తగా బడిలో చేరిన పిల్లవలె నిలువవలసి వచ్చునని నే నెన్నడును అనుకొనలేదు.

దానికి కారణము మా అత్తగారు. వారికి ఎనుబది యేండ్లు దాటినవి. ఒక కంటి శుక్లము తీయించితిమి. కాని రెండు కండ్లలోను నీటికాసుల వ్యాధి యున్నదని పిమ్మట తెలిసినది. ఆ వ్యాధి చూపును అంచులనుండి కొంచెము కొంచెముగా హరించును. పోయిన చూపు మఱల రాదు. మిగిలినదానిని చుక్కల మందుతో కాపాడుకొనవలసినదే. వారు పుట్టిన పల్లె గండికోటకు దగ్గఱనే. ఒకనాటి సాయంకాలము నేను కంటిలో మందు వేయుచుండగా వారిట్లనిరి:

“ఈ కండ్లు ఉన్నంతలోనే ఒకతూరి గండి చూడాలని ఉందమ్మా. పైన ఆకాశం, కింద పెన్న, రెండూ ఒక్కసారే కనపడాల.”

లోయ యంచునకు పోవలెనన్న బండరాళ్లపై నడువవలెను. ఆ మోకాళ్లతో, ఆ చూపుతో అది సాధ్యము కాదు. కనుక లోయనే ఇంటికి తెచ్చెదనని మాట యిచ్చితిని. మా పెద్దవాడు ఉద్యోగమునకై బెంగుళూరు పోవుచు విడిచిన పాత కెమెరాయు, ముక్కాలి స్టాండును బీరువాలో నుండినవి. ఈ వయస్సున ఈ వేడుక లేల యని బంధువులలో కొందఱు నవ్విరి. మావారు మాత్రము కారు తీసి, “పద, తెల్లవాఱకముందే పోవలె” ననిరి.

మాధవరాయస్వామి గుడిగోపురమును, జామియా మసీదును, పాత ధాన్యాగారమును దాటి మేము లోయ యంచు చేరునప్పటికి తూర్పు తెలుపెక్కుచుండెను. సుమారు మూడువందల అడుగుల లోతున పెన్న నిశ్చలముగా నుండెను. సూర్యుడు పైకి రాగానే ఎదుటి ఎఱ్ఱని బండల కొనలు వెలిగినవి. అడుగున మాత్రము ఇంకను నీడయే. నేను ఉత్సాహముతో ఏబది చిత్రములు తీసితిని. ఇంటికి వచ్చి చూడగా సగము చిత్రములలో ఆకాశము సున్నము కొట్టిన గోడవలె నుండెను. తక్కిన సగములో ఆకాశము చక్కగా నుండి లోయ బొగ్గువలె నుండెను. పైన ఆకాశము, క్రింద పెన్న, రెండును ఒక్కసారి కనబడిన చిత్రము ఒక్కటియు లేదు.

నా కన్ను చూచినది కెమెరా ఏల చూడలేదు? పుస్తకములు తెఱచి చదువగా ఈ సంగతి తెలిసినది. మన కన్ను దృశ్యమునంతటిని ఒక్క చూపులో గ్రహింపదు. ఆకాశము చూచినప్పుడు కనుపాప కుంచించుకొనును, నీడను చూచినప్పుడు విప్పారును. ఈ తునుక లన్నిటిని మనస్సు బొంతవలె కుట్టి ఒక్క దృశ్యముగా మనకు చూపును. కెమెరా యట్లు కాదు. ఒక్క క్షణమున పడిన వెలుగే దానికి గతి. వెలుగును కొలుచుటకు ఛాయాచిత్రకారులు స్టాపు అను కొలత వాడుదురు. ఒక్కొక్క స్టాపునకు వెలుగు రెట్టింపగును. అనగా పది స్టాపుల భేదమన్న వెయ్యి రెట్లకు మించినది. ఉదయపు టాకాశమునకును లోయ నీడకును నడుమ నున్న భేదము మా పాత కెమెరా శక్తికి మించినది.

ఈ చిక్కు నాతో మొదలైనది కాదు. ఫ్రాన్సు దేశస్థుడైన గుస్తావ్ లె గ్రే సముద్రమును చిత్రించునప్పుడు ఇదే బాధ పడెను. ఆనాటి గాజుపలకలు నీలికాంతికి మితిమీరి స్పందించుటచే ఆకాశము తెల్లబోయెడిది. ఆయన సముద్రమునకొక పలకయు, ఆకాశమునకొక పలకయు వేఱుగా తీసి, రెండింటిని ఒకే కాగితముపై అచ్చు వేసెను. 1857లో సెట్ రేవున తీసిన పెద్ద కెరటపు చిత్రము అట్టిదే. 1990 దశకమున కెనడాకు చెందిన స్టీవ్ మాన్ వేర్వేఱు వెలుగులలో తీసిన చిత్రములను గణితముచే కలుపు మార్గము చూపెను. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ అనువారు దానికి మఱింత స్థిరమైన పద్ధతిని ప్రకటించిరి. దీనినే హై డైనమిక్ రేంజ్ అనియు, పొట్టిగా హెచ్.డి.ఆర్. అనియు పిలుతురు. 2010లో ఐఫోనులోనికి వచ్చిన ఈ ఉపాయమును నేడు మన చేతి ఫోనులు మనము అడుగకయే చేయుచున్నవి.

వారము దినముల తరువాత మఱల పోయితిమి. ఈసారి స్టాండును బండపై నిలిపి, గాలికి కదలకుండ దానికి నీళ్లసీసాల సంచి వ్రేలాడదీసితిని. లెన్సు రంధ్రమును ఎఫ్/11 వద్ద, ఐ.ఎస్.ఓ.ను 100 వద్ద స్థిరపఱచి, షట్టరు వేగమును మాత్రము మార్చితిని. రంధ్రమును మార్చినచో స్పష్టముగా కనబడెడి లోతు మాఱి చిత్రములు ఒకదానితో నొకటి సరిగా అతుకవు. మొదట సెకనులో 60వ వంతు. తరువాత ఆకాశముకొఱకు 250వ వంతు. పిమ్మట నీడకొఱకు 15వ వంతు. అనగా నడిమిదానికి రెండు స్టాపులు తక్కువ, రెండు స్టాపులు ఎక్కువ. మీట నొక్కినప్పుడు చేయి తగిలి కెమెరా అదరును గనుక రెండు సెకనుల టైమరు పెట్టితిని.

ఇంటికి వచ్చి కంప్యూటరులో మూడింటిని కలిపితిని. ఆశ్చర్యము! ఆకాశమున మబ్బు తునుకలు, అడుగున పెన్న, ప్రతి రాతి పగులు కనబడినవి. గాలికి ఊగిన ముళ్లపొద యొకటి మూడు చిత్రములలో మూడు చోట్ల నుండుటచే దయ్యమువలె మసకగా వచ్చినది గాని, ఆ సంతోషమున దానిని లెక్కచేయలేదు. అంతటితో ఊరకుండక కంప్యూటరులోని మీట లన్నిటిని తుదిదాక జరిపితిని. రంగులు మండినవి. నీడ లన్నియు తెల్లవాఱినవి. కొండ యంచుల చుట్టును దేవుని పటములోవలె వెలుగుచక్రము వచ్చినది. దానిని పెద్దదిగా అచ్చు వేయించి అత్తగారి చేతిలో పెట్టితిని.

వారు పటమును కంటికి దగ్గఱగా పట్టి, కుడి యెడమలకు జరుపుచు చాలసేపు చూచిరి. నేను మెచ్చుకోలుకొఱకు కాచుకొనియుంటిని.

“తిరునాళ్లలో అమ్మే పటం మాదిరి ఉందమ్మా. ఇది మన గండి కాదు. నీడంతా యాడికి పాయె?”

నాకు చిన్నతనమైనది. వారి చూపు లోపమేమో యని కూడ ఒక నిమిష మనుకొంటిని. ఆ రాత్రి నిద్ర పట్టక పటమును మఱల చూచితిని. వారన్నది నిజమే. అందు లోతు లేదు. అన్ని చోట్లను వెలుగు సమానమైనందున లోయ పళ్లెమువలె చదునైనది. మనము దీనికి ఛాయాచిత్రమని పేరు పెట్టుకొంటిమి. ఆ ఛాయనే నేను తుడిచివేసితిని. వంటలో ఉప్పు చాలలేదని తెలిసినది గదా యని గుప్పెడు వేసిన కొత్తకోడలి పని నాది. కెమెరా పట్టలేని వెలుగును పట్టుటకే ఆ మూడు చిత్రములు గాని, దృశ్యమున లేని వెలుగును పోయుటకు కాదు.

మఱునాడు ఆ మూడు చిత్రములనే తీసికొని మొదటినుండి కలిపితిని. ఆకాశపు తెలుపును మాత్రము మబ్బులు కనబడునంతవఱకు దించితిని. అడుగున నీళ్లు నీళ్లని తెలియునంతవఱకే నీడను పలుచన చేసితిని. బండల సందులలోని చీకటిని ముట్టలేదు. రంగుల మీట జోలికి పోలేదు. ముళ్లపొద యున్నచోట మూడింటిలో ఒక్క చిత్రమునే నిలిపితిని. పటము మునుపటివలె కన్ను చెదరగొట్టలేదు. నా వంటి కొత్తది తీసినదని తెలియుచునే యున్నది.

అత్తగారు దానిని చేతికి తీసికొని ఈసారి జరుపలేదు. వ్రేలితో పైనుండి క్రిందికి మెల్లగా గీచి, నీడ మొదలైన చోట ఆపిరి.

“ఈడ కూర్చుని రాయి ఇడిసేవాళ్లం. కిందికి కనపడేది కాదు. ఒకటి, రెండు అని ఎంచుకుంటా ఉంటే నాలుగో ఎంచుకు టప్పుమని ఇనపడేది. మా అక్క ఎప్పుడూ మూడుకే ఇనపడిందని కొట్లాడేది.”

ఆ అక్కగారిని గూర్చి ఇరువది యేండ్ల కాపురములో నేనొక్క మాటయు వినియుండలేదు. ఆ పూట అత్తగారు ఆమె పెండ్లి, ఆమె పాడిన పాటలు, చిన్నవయసుననే ఆమె పోవుట, అన్నియు చెప్పిరి. నేను వంట మఱచి విన్నాను. నా మొదటి పటములో ఆ రాయి పడుటకు చీకటి యేది?

సోదరీమణులారా, మీ యిండ్లలోను ఇట్టి కోరిక గల పెద్దలుందురు. కెమెరా లేకున్నను మీ చేతి ఫోను చాలును. దానిని కదలని గోడపై ఆనించి, ఎండ తీక్ష్ణము కాకముందే తీయుడు. మొదటి యేబది చెడినను వెనుదీయకుడు. తీసినదానిని మొదట పెద్దలకు చూపుడు. వారు మెచ్చుకొననిచో, వారు చూచిన చోటును వారినే అడిగి తెలిసికొని, మఱల మొదలుపెట్టుడు.

మా అత్తగారి మంచమునకు ఎదుటి గోడపై ఆ పటము నేడును వ్రేలాడుచున్నది. చూపు ఇంకను తగ్గుచునేయున్నది. ఉదయము మందు వేసినపిమ్మట, “కొంచెం దగ్గఱికి తీసుకురామ్మా” అని అడుగుదురు. నేను తెచ్చి పట్టుకొందును.