పొలమారని ప్రమాదం

భోజనం చేస్తూండగా పొలమారితే, ఎవరో తలచుకొంటున్నారని మన పెద్దలు నెత్తిన తట్టి మంచినీళ్లు అందిస్తారు. ఆ దగ్గు ఎంత విలువైన హెచ్చరికో 2019లో మా అన్నయ్యకు పక్షవాతం వచ్చినప్పుడు నాకు తెలిసివచ్చింది.

గుటక వేసే క్షణంలో శ్వాస ఆగుతుంది. స్వరపేటిక పైకి లేచి మూసుకొంటుంది. అన్నవాహిక ద్వారం తెరుచుకొంటుంది. సుమారు ఒక్క సెకనులో ముగిసే ఈ క్రమాన్ని మా ఇంజనీర్ల భాషలో ఇంటర్‌లాక్ అనవచ్చు. ఒక వాల్వు మూసుకొంటే తప్ప రెండవది తెరుచుకోరాదు. మెదడు దెబ్బతిన్నప్పుడు ఈ క్రమం తప్పుతుంది. పక్షవాతం వచ్చిన తొలి రోజులలో దాదాపు సగం మందికి మింగే శక్తి ఎంతో కొంత తగ్గుతుంది. ఆహారమో, నీరో, లాలాజలమో శ్వాసనాళంలోకి జారితే న్యుమోనియాకు దారితీయవచ్చు. కొందరికి గొంతులో స్పర్శజ్ఞానం కూడా లోపించడం వల్ల పొలమారదు, దగ్గు రాదు. అలారం మోగలేదు కనుక లీకేజీ లేదనుకోవడం ఏ ప్లాంటులోనైనా ప్రమాదమే కదా!

ఆసుపత్రిలో నర్సు, పరీక్ష అయ్యేవరకు నోటికి ఏమీ ఇవ్వరాదని మంచానికి చీటీ కట్టింది. బంధువులలో కలకలం రేగింది. దాహమని సైగ చేసే మనిషికి గుక్కెడు నీళ్లు పోయకపోవడం పాపమని మా మేనత్త కంటతడి పెట్టింది. వదిన కొబ్బరినీళ్ల సీసా కొంగుచాటున పట్టుకొని నిలబడింది. వారిని తప్పుపట్టలేము. అవసానకాలంలో సైతం తులసితీర్థం పోసే మనకు, నోరెండిన వారికి నీరు కాదనడం చేతకాదు. “వదినా, ఒక్క గంట ఆగండి” అన్నాను.

పరీక్ష చూడడానికి అతి సామాన్యం. అన్నయ్యను నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో నీళ్లు పోసి, గొంతుమీద వేళ్లుంచి గుటకను గమనించారు. దగ్గు రాలేదు. మా అందరి ముఖాలు వికసించాయి. కాని “ఆ” అనమన్నప్పుడు ఆయన కంఠం నీళ్లలో నుంచి వచ్చినట్లు గరగరలాడింది. ఆ సాయంత్రమే ముక్కుద్వారా గొట్టం వేశారు. కొబ్బరినీళ్లు మేము తాగాము.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ విభాగాలలో జరిగిన అధ్యయనం 2011లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. కొన్ని విభాగాలలో నర్సులు జ్వరం, రక్తంలో చక్కెర, మింగే శక్తి అనే మూడింటిని తొలి మూడు రోజులు నియమబద్ధంగా చూశారు. 90 రోజులనాటికి మరణించినవారు, పరాధీనులైనవారు కలిసి అక్కడ 42 శాతం. మిగతా విభాగాలలో 58 శాతం. సుమారు నాలుగేళ్ల తరువాత చూసినా ఆ రోగులలో మరణాలు తక్కువగానే ఉన్నాయని 2017లో వెల్లడైంది. ఇందులో మింగుడు పరీక్ష వాటా ఎంతో ఆ లెక్క విడదీసి చెప్పదు. మూడూ కలిసిన ఫలితమది. కొత్త మందు లేదు, కొత్త యంత్రమూ లేదు.

నన్ను ఆశ్చర్యపరచినది స్నిగ్ధత. ఇటువంటి రోగులకు ముద్దకన్న నీరే తరచు ఎక్కువ ప్రమాదం. గొంతు మూసుకొనేలోగానే జారిపోతుంది. చిక్కని ద్రవం నెమ్మదిగా దిగి వ్యవధి ఇస్తుంది. ఆ చిక్కదనం కొలవడానికి 10 మి.లీ. సిరంజి నింపి 10 సెకన్లు వదిలి, మిగిలినది చూస్తారు. 1 మి.లీ. కూడా మిగలకపోతే అది నీటివలె పలుచన. 4 నుంచి 8 మి.లీ. మిగిలితే ఓ మోస్తరు చిక్కన. మా ప్రయోగశాలలోని విస్కోమీటరుకు ఇది పేదింటి చుట్టం!

వదిన ఈ విద్యలో నన్ను మించిపోయింది. చాలాకాలం రాగిజావను సిరంజిలో పోసి, గోడ గడియారం చూస్తూ కొలిచేది. కాఫీ మాత్రం చిక్కబరచనివ్వనని అన్నయ్య పట్టుబట్టారు. తిరిగి పరీక్ష చేసి, అనుమతి ఇచ్చాక, ఇప్పుడు గడ్డం కిందికి వంచి, చిన్న చిన్న గుక్కలుగా, అరగంటసేపు తాగుతున్నారు. అప్పటికి అది చల్లారిపోతుంది, మళ్లీ వేడిచేయమంటారు.