తొట్టిలో ప్రవాహం

ఏటి ఒడ్డున పుట్టినవారికి ఢిల్లీ అపార్టుమెంటులో నీటి చప్పుడు వినాలంటే చేపల తొట్టే శరణ్యం. ద్వారకలోని మా ఇంట అటువంటిదొకటి ఉన్నది. ఎండ 45 డిగ్రీలకు చేరే ఈ నగరంలో వేసవి వచ్చిందంటే చేపలకు ఊపిరి కష్టమవుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది 7.5కు తగ్గుతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడం ఆ కొరతకు గుర్తు.

బుడగలే ప్రాణవాయువును నింపుతాయని చాలామంది తలుస్తారు. అవి చేసే పెద్ద మేలు నీటిని కదిలించడం. అడుగునీరు పైకి రావాలి, ఉపరితలం చెదరాలి. గాలీ నీరూ కలుసుకునేది అక్కడే. అందుకే పంపు మూతిని నీటిమట్టానికి కాస్త దిగువన, ఎదుటి గోడవైపు తిప్పి అమర్చాను. ధార గోడను తాకి, కిందికి దిగి, అడుగుమీదుగా మరలి వస్తుంది. రాళ్లను మూలలకు ఆనించక ఎడం ఉంచాను. మడ్డి పేరుకోవడం తగ్గింది. కరెంటు పోతే చెంబుతో నీరు ముంచి పైనుండి పోయడమే ఉపాయం.

తొట్టిని చూసినపుడల్లా యమున తలపునకు వస్తుంది. 1376 కిలోమీటర్ల ఆ నదిలో వజీరాబాద్ నుండి ఓఖ్లా వరకు గల 22 కిలోమీటర్లు రెండు శాతంలోపే. వానాకాలం దాటితే అక్కడ కొత్తనీరు కరవై, నాలాల మురుగే మిగులుతుంది. తొట్టినీటిని నేను పంపుతో తిప్పగలను. నదికి మాత్రం ఎగువనుండి నీరు విడవాలి. మురుగును శుద్ధిచేసిన పిమ్మటనే కలపాలి.