ప్రతిపదార్థ కర్మాగారం

మీరు ఎప్పుడైనా స్విట్జర్లాండులోని జెనీవా నగరానికి వెళితే, పెద్ద రైలుస్టేషను వద్ద 18వ నంబరు ట్రాము ఎక్కండి. అది మిమ్మల్ని సెర్న్ అనే పరిశోధనశాలకు చేరుస్తుంది. 1954లో స్థాపించిన ఈ పరిశోధనశాల స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశాల సరిహద్దు మీద ఉన్నది. ట్రాము దిగగానే కొయ్యతో కట్టిన పెద్ద గోళభవనం కనిపిస్తుంది. పరిశోధనశాల ఆవరణలో 2004లో మన దేశం బహూకరించిన నటరాజ విగ్రహం కూడా ఉన్నది.

ఆ ఆవరణలోనే ఉన్న ఒక భవనానికి "ప్రతిపదార్థ కర్మాగారం" అని పేరు. ప్రతిపదార్థం అంటే ఏమిటి? పరమాణువులో ఉండే ప్రోటానుకు ధనవిద్యుత్తు ఉంటుంది. అంతే బరువుండి, ఋణవిద్యుత్తు గల కణం ప్రతిప్రోటాను. ఈ రెండూ తాకితే రెండూ నశించి, పయాన్లనే చిన్న కణాలు మహావేగంతో దూసుకుపోతాయి.

దీనికీ రాకెట్టుకూ ఏమిటి సంబంధం? రాకెట్టు తన వెనకకు ఎంత వేగంగా చిమ్మితే, దానికి ముందుకు అంత ఊపు వస్తుంది. 1977లో బయలుదేరిన వాయేజర్-1 సెకనుకు సుమారు 17 కిలోమీటర్లు పోతున్నది. ఆ వేగంతో, సూర్యుడు కాక మనకు అతి దగ్గిర నక్షత్రమున్నంత దూరం పోవటానికి 70,000 ఏళ్ళకు పైగా పడుతుంది! పయాన్లో, ఇంచుమించు కాంతివేగంతో పోతాయి. వాటిలో విద్యుత్తు గలవాటిని అయస్కాంతశక్తితో వెనకకు మళ్ళిస్తే రాకెట్టు నడుస్తుందని శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టారు. కాని ఆ తాకిడి మూలంగా గామాకిరణాలు కూడా పుడతాయి. అవి అయస్కాంతానికి లొంగవు. ప్రయాణీకులకు వాటి నుంచి రక్షణ కావాలి.

అసలు చిక్కు మరొకటి ఉన్నది. ప్రతిప్రోటాన్లు దొరకటం సులువు కాదు. ప్రోటాన్లను మహావేగంతో లోహపు దిమ్మకేసి కొడితే, సుమారు పది లక్షల తాకిడులకు ఒక్క ప్రతిప్రోటాను పుడుతుంది. దాన్ని 182 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో తిప్పుతూ వేగం తగ్గిస్తారు. ఏ పాత్రలో ఉంచినా అది గోడను తాకి నశిస్తుంది గదా! అందుచేత గాలి తీసేసిన గొట్టంలో, విద్యుదయస్కాంత శక్తులతో, దేన్నీ తాకకుండా నిలిపి ఉంచుతారు.

సెర్న్‌లో ఇంతవరకు తయారైన ప్రతిపదార్థమంతా కూడబెట్టగలిగినా, ఆ శక్తితో ఒక్క విద్యుద్దీపం కొద్ది నిమిషాలు మాత్రమే వెలుగుతుంది. అందువల్ల ఆ రాకెట్టు ఇంకా కాగితం మీదనే ఉన్నది.

అయినా పని ఆగలేదు. ప్రతిప్రోటాన్లను ఇతర పరిశోధనశాలలకు పంపగలమా అని చూడటానికి, 2024లో 70 మామూలు ప్రోటాన్లను అటువంటి పెట్టెలో పెట్టి, లారీ మీద ఆవరణలో తిప్పి చూశారు. నక్షత్రాల దాకా పోదలచిన ఇంధనం, ముందు పక్క ఊరికి పోవటం నేర్చుకోవాలి గదా!